వెనక సీటు కొలత

మోటారు సైకిలు సీట్లు కుట్టే దుకాణానికి ఎవరొచ్చినా తమ సీటు గురించే మాట్లాడతారు. నడుము పట్టేస్తోందంటారు, కాళ్లు నేలకి అందడం లేదంటారు, గంట నడిపితే కింద మంటెత్తుతోందంటారు. సీట్ల మేస్త్రి వాళ్లని బండి మీద కూర్చోబెట్టి, అరచేత్తో స్పాంజి నొక్కి చూసి, మడమకీ నేలకీ మధ్య ఎంత ఖాళీ ఉందో వంగి చూసి, సుద్దముక్కతో గీత గీస్తాడు. ఇన్నేళ్లలో ఒక్కరు కూడా వెనక కూర్చునే మనిషిని వెంటబెట్టుకొచ్చి కొలత ఇప్పించలేదు. ఆ మనిషి భార్యో, తల్లో, చెల్లెలో అయి ఉంటుంది. ఎలా కుడితే అలా సర్దుకుంటుందని అందరి నమ్మకం. మేస్త్రి నమ్మకమూ అదే.

మనిషి పొట్టి. వీధిలో అందరూ పొట్టి మేస్త్రి అనే అంటారు, ఎదురుగానే అంటారు. దుకాణం వెనక గదే ఇల్లు, ఇంట్లో అతనూ భార్యా ఇద్దరే. ముందు గదిలో అతను స్పాంజి కోసి, అతికించి, కవరు లాగి బిగిస్తాడు. వెనక గదిలో కుట్టుమిషను ఆమెది. రెక్సిన్ ముక్కలు కలిపేదీ, అంచుకి పైపింగు వేసేదీ ఆమె. ఊరంతా "మేస్త్రి కుట్టిన సీటు" అంటుంది గాని, అందులో కుట్టు అనేది ఏదైనా ఉందంటే అది ఆమె చేతిదే. బోర్డు మీద మాత్రం ఆమె ఊసు లేదు.

ఆమెకి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. రోజు విడిచి రోజు డయాలసిస్ చేయించుకుంటేనే ప్రాణం నిలుస్తుంది. ఊళ్లో ఆసుపత్రి ఉంది. అందులో డయాలసిస్ అని రాసిన గది ఉంది, గదికి తాళం ఉంది. మిషన్లే లేవు. బోర్డుకి రిబ్బను కత్తిరించిన పెద్దలు మళ్లీ అటు రాలేదు. అందుచేత కొండ మలుపులు దాటి, లారీల రోడ్డు మీద చాలా దూరం పోయి, పెద్ద ఊరి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

మొదట్లో తెల్లవారగానే ఒక బస్సుండేది. డ్రైవరు ఆమె కోసం తలుపు పక్క సీటు ఉంచేవాడు. "అక్కా, ఇవాళ మొహం తేటగా ఉంది" అనేవాడు వచ్చేటప్పుడు. అదే బస్సులో అదే పనికి వెళ్లేవాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురుండేవారు. ఒకరోజు బస్సు రాలేదు. పాడైందేమో అనుకున్నారు. తర్వాతిసారీ రాలేదు. డిపోకి వెళ్లి అడిగితే ఆదాయం లేని రూటని ఎత్తేశామన్నారు. ప్రయాణికులకి ముందు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆనాటి నుంచి మేస్త్రి పాత చిన్న బండే దిక్కయింది. ప్రతిసారీ కారు మాట్లాడుకోవడం వాళ్ల తాహతుకి మించిన పని.

చిన్న బండి సీటు పొట్టిది, చదునుది. ఆమె వెనక కూర్చుంటే ఇద్దరి మధ్యా చెయ్యి దూర్చేంత చోటు ఉండదు. పోయేటప్పుడు ఒంట్లో నీరు చేరి ఆయాసపడేది. వచ్చేటప్పుడు నీరంతా తీసేయగా ఒళ్లు వడిలిపోయి, కళ్లు మూతలు పడి, అతని వీపుకి చెంప ఆనించి నిద్రపోయేది. ఆమె ఊపిరి తన చొక్కాకి తగులుతున్నంతసేపూ అతను ఆగేవాడు కాదు. తల కాస్త పక్కకి జారితే వీపుతోనే పసిగట్టి బండి పక్కకి తీసేవాడు. చెట్టు నీడన కూర్చోబెట్టి నీళ్లు తడిపిన గుడ్డతో మొహం తుడిచేవాడు.

అయితే చిన్న బండి ఎత్తు ఎక్కలేదు. మలుపుల్లో మొదటి గేరులో మూలుగుతూ పోయేది. ఎదురుగా లారీ వస్తే ఆ గాలికి బండి బండంతా పక్కకి జరిగేది. ఎంత పెందలాడే బయల్దేరినా ఆలస్యమయ్యేది. ఆసుపత్రిలో పొద్దుటి బ్యాచికి రాకపోతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఒకసారి అలాగే జరిగింది.

"పెద్దాయనా, నేనేం చెయ్యను. ఆమె వచ్చింది, కూర్చోబెట్టేశాను" అన్నాడు మిషన్లు చూసే టెక్నీషియను. మంచం మీద పడుకున్న ముసలావిడ తప్పు చేసినట్టు మొహం తిప్పుకుంది.

"సాయంత్రం బ్యాచిలో?"

"నిండిపోయింది. రేపు పొద్దున రండి. నీళ్లు తాగించకండి."

మర్నాడు వెలుగొచ్చేసరికి ఆమె పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పాదాల మీద వేలు నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. "నాకేం కాలేదు, మీరు కంగారు పడకండి" అనే మాటని మూడు ముక్కలుగా విరిచి చెప్పింది. ఆ రోజు ఆసుపత్రికి చేరేదాకా మేస్త్రి ఎక్కడా బండి ఆపలేదు.

అలా మొదలైంది పెద్ద బండి మాట.

ఎత్తింది ఆమె తమ్ముడు. టైర్ల షాపులో పని, పెద్ద బండి కనిపిస్తే దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చెయ్యనిదే కదలడు.

"బావా, ఈ డొక్కు మీద మా అక్కని ఆసుపత్రికి తీసుకెళ్తున్నావా, ఏకంగా పైకే పంపిస్తున్నావా?"

"నోరు మంచిదైతే బాగుండును" అంది ఆమె లోపల్నుంచి.

"ఉన్నమాటే అక్కా. దూరం పోయేవాడు దూరం బండి కొనాలి. పెద్ద ఇంజను, బరువు, గాలికి చలించదు. నీకు కుదుపు తెలీదు."

ఎదురు షెడ్డు మెకానిక్కి ఈ వాదన నచ్చలేదు. స్పానరు చేతిలో పట్టుకునే రోడ్డు దాటి వచ్చాడు. "ఒరేయ్ టైర్లబ్బాయ్, బండి పెద్దదైతే సరా? ఆపినప్పుడు నిలబెట్టేదెవరు, మీ తాతా? మేస్త్రి కాళ్లు చూశావా?"

"నా కాళ్లకేమైందయ్యా?" అన్నాడు మేస్త్రి.

"ఏం కాలేదు. అదే బాధ. అవి ఇంకా పెరగాల్సింది."

ఆమె నవ్వింది. చాన్నాళ్లకి ఆ ఇంట్లో వినపడిన నవ్వు.

మెకానిక్కి చిన్న బండే దూరానికీ మేలని గట్టి పట్టు. చెడితే ఎక్కడైనా బాగవుతుంది, పడితే ఒక్కడే లేపుకోవచ్చు, మెల్లగా పోతే ప్రాణభయం లేదు అంటాడు. "మెల్లగా పోతే మంచం పోతోంది" అనేవాడు మేస్త్రి. మెకానిక్ స్పానరు తిప్పుకుంటూ షెడ్డుకి పోయేవాడు.

మేస్త్రి తన దగ్గరికి వచ్చే దూరప్రయాణపు కుర్రాళ్లని కూడా అడిగాడు. తోలు జాకెట్లు, మోకాలి కవచాలు, బండికి రెండు పక్కలా పెట్టెలు. దేశాలు తిరిగొచ్చి సీటు మార్పించుకునేవాళ్లు. అందులో ఒకడు నమ్మకంగా చెప్పాడు. "మాస్టారూ, ఆలోచించకండి. చిన్నది ఊళ్లోకి, పెద్దది రోడ్డుకి. నేను రోజంతా నడిపినా ఒళ్లు అలవదు."

"వెనక మనిషుంటుంది బాబూ, ఒంట్లో బాగోని మనిషి."

"వెనకైతే ఇంకా హాయి. రాజాలా కూర్చోవచ్చు."

అబద్ధం చెప్పలేదు. వాడెప్పుడూ వెనక కూర్చోలేదంతే. పెద్దదా చిన్నదా అని లోకంలో నడిచే చర్చంతా హ్యాండిలు పట్టుకున్నవాడి చర్చే. వాడి నడుము, వాడి సరదా, వాడి ధైర్యం. మేస్త్రి ప్రతి వాదనా విన్నాడు, వెనక్కి తిరిగి ఆమెనొక్క మాట అడగలేదు. అడిగితే చిన్న బండి మీద తన నిద్ర సంగతి చెప్పి ఉండేది.

చిన్న బండిని మార్పిడికిచ్చి, పైన కొంత పోసి, ఒకరు వాడిన పెద్ద బండి తెచ్చాడు. తెచ్చిన రోజే సీటు ఊడదీశాడు. దాన్ని తనకి తెలిసిన పద్ధతిలోనే కుట్టాడు. పొట్టివాళ్లెవరొచ్చినా చేసే పని మొదట చేశాడు. ముందు భాగం స్పాంజిని లోతుగా కోసి దించాడు, పాదాలు నేలకి ఆనేదాకా. ఆ తర్వాత ఆమె భాగం పట్టాడు. గుంటల్లో ఎముకలకి దెబ్బ తగలకూడదని మెత్తటి స్పాంజి ఒక పొర, దాని మీద ఇంకో పొర వేశాడు. తలగడలా తయారైంది. విడివిడిగా చూస్తే రెండు పనుల్లోనూ వంక పెట్టడానికి లేదు. ముందుది భద్రత కోసం, వెనకది ప్రేమ కోసం. రెండూ ఒకే సీటు మీదని, ఒకటి దించి ఒకటి పెంచితే మధ్యలో మెట్టు లేస్తుందని, ఒళ్లు వడిలిన మనిషి ఆ మెట్టు మీద కూర్చుంటే ఒరగడానికి వీపు అందదని, సీట్లలోనే బతికిన ఆ మనిషికి తట్టలేదు. కవరుకి పైపింగు ఆమే వేసింది.

స్టాండు మీదున్న బండి ఎక్కి చూసింది. తమ్ముడు చెయ్యందించాడు.

"సింహాసనంలా ఉంది" అంది.

"చూశావా" అన్నాడు తమ్ముడు మెకానిక్ వైపు తిరిగి.

"మరి మీరెక్కడున్నారండీ? నాకు మీ నడినెత్తి కనిపిస్తోంది."

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా. ఆ నవ్వులో ఆ మాట పోయింది.

మొదటి ప్రయాణం చూసినవాళ్లెవరైనా పెద్ద బండికే ఓటేసేవాళ్లు. మలుపులు నున్నగా ఎక్కింది. లారీ గాలికి బెదరలేదు. టెక్నీషియను తలుపు తాళం తీస్తూ, "ఏం పెద్దాయనా, ఇక్కడే పడుకున్నారా?" అన్నాడు. ఆమెకి కిటికీ పక్క మంచం దొరికింది. ఎడమ చేతికి ఇదివరకే ఆపరేషను చేసి రక్తనాళాలు కలిపిన చోట సూదులు గుచ్చారు. ఆ చోట వేలు పెడితే లోపల రక్తం జుమ్మని కొట్టుకుంటుంది. ఆ జుమ్మనడం ఉన్నంతకాలం మిషను పని చేస్తుంది. రోజూ నిద్ర లేవగానే అతను వేలు పెట్టి చూసేవాడు. "మిషను నడుస్తోందా?" అని అడిగేది ఆమె, తన కుట్టుమిషను సంగతి అడిగినట్టు.

తిరుగు ప్రయాణంలో ఆమె ఆ సీటు ఎక్కడానికే ఇద్దరు మనుషులు పట్టాల్సి వచ్చింది. ఎక్కి కూర్చుంది. "గట్టిగా పట్టుకో" అన్నాడు. "పట్టుకున్నా" అంది. పట్టుకున్నది అతని భుజాలని. చిన్న బండి మీద నడుం చుట్టూ చేతులేసేది. ఇక్కడ నడుము కిందెక్కడో ఉంది.

కొంత దూరం పోయాక, "ఏవండీ, కళ్లు తిరుగుతున్నాయి" అంది. ఇంజను చప్పుడులో, హెల్మెట్లో, అతనికి ఏదో అన్నట్టు మాత్రం వినిపించింది. "ఆఁ, వచ్చేశాం, వచ్చేశాం" అన్నాడు. ఆమెకి నిద్రొచ్చింది. ఒరగబోతే వీపు లేదు. తల ముందుకి వాలి, ఆగక, పక్కకి వాలింది. మలుపులో బండి వంగింది. భుజం మీది వేళ్లు ఎప్పుడు జారాయో అతనికి తెలియలేదు. వెనక బరువు పోయిన సంగతి బండికి ముందు తెలిసింది. ఒక్కసారిగా తేలికై, చెప్పినట్టు వింది.

అతను బండి పడేసి వెనక్కి పరుగెత్తాడు. పెద్ద బండితో పాటు కొన్న హెల్మెట్ ఉండబట్టి తలకి దెబ్బ తగల్లేదు. ఎడమ చెయ్యి కింద నలిగిపోయి ఉంది. లేవదీస్తుంటే కళ్లు తెరిచి, "నిద్రపోయానండీ" అంది క్షమాపణ చెప్పుకుంటున్నట్టు.

అతను ముందు ఆ చేతి మీద వేలు పెట్టాడు. లోపల చడీ చప్పుడూ లేదు. ఇంకో చోట పెట్టాడు. చెవి ఆనించాడు. రోడ్డు మీద పోయే బళ్ల మోత తప్ప ఏమీ లేదు.

ఎవరో కారు ఆపి మళ్లీ ఆసుపత్రికి చేర్చారు. ఆ నాళం మూసుకుపోయిందని డాక్టరు చెప్పింది. కొత్తది పెట్టాలంటే ఇంకా పెద్ద ఆసుపత్రి, ఇంకా దూరం, ఎప్పటికి పిలుస్తారో తెలియదు. అప్పటిదాకా మెడలో గొట్టం పెట్టి దాంతో నెట్టుకురావాలి. గొట్టానికి దుమ్ము తగలకూడదు, తడి తగలకూడదు, కుదుపు అసలే కూడదు. "బండి మీద తీసుకురాకండి" అంది.

"మరి దేని మీద తీసుకురమ్మంటారు డాక్టరమ్మా?"

ఆవిడ కాగితం మీద రాస్తున్నది ఆపి అతని మొహం చూసింది. తర్వాత మళ్లీ రాసుకుంది.

ఇంటికొచ్చాక బావమరిది గుమ్మంలోనే నిలబడిపోయాడు. "బావా, నన్ను కొట్టు" అన్నాడు. మేస్త్రి కొట్టలేదు, తిట్టలేదు. సీటు ఊడదీసి నేలమీద పెట్టి దాని ముందు కూర్చున్నాడు. మెకానిక్ వచ్చి పక్కన కూర్చున్నాడు గాని, నేను చెప్పలేదా అనలేదు. చివరికి, "ఇద్దర్నీ కలిపి బిగించే బెల్టు కుట్టరాదూ?" అన్నాడు.

"బండి పడితే నేను కూడా ఆమె మీదే పడతాను" అన్నాడు మేస్త్రి.

లోపల్నుంచి ఆమె గొంతు వినిపించింది. "నన్ను మూట కట్టే ఆలోచనలు మానేసి అన్నం తినండి."

మర్నాడు చిన్న బండి కోసం వెళ్లాడు. అది కొన్నవాడు గ్యాసు సిలిండర్లు మోసేవాడు. వెనక సీటు ఉండాల్సిన చోట ఇనప చట్రం వెల్డింగు చేయించేశాడు. "ఇచ్చేద్దును మేస్త్రీ, నా తిండి దీని మీదే" అన్నాడు. నిజమే. అయినా అది వచ్చి మాత్రం ఏం చేస్తుంది? మళ్లీ ఆలస్యం, మళ్లీ ఆ మంచం ఇంకెవరికో.

అక్కణ్నించి డిపోకి పోయాడు. మేనేజరు చెడ్డవాడేం కాదు. కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు, ఆమె సంగతి విని నొచ్చుకున్నాడు కూడా.

"ఆ బస్సు మళ్లీ వెయ్యండి సార్. మేం ఒక్కళ్లం కాదు. ఆ మిషన్ల కోసం పోయేవాళ్లు ఇంకా ఉన్నారు."

"ఉన్నారు, కాదనను. బస్సు నిండాలిగా. ఆ రూట్లో సర్వే చేశారు. ఇంటికో మోటారు సైకిలుంది. బస్సెవరెక్కుతారు?" కిటికీలోంచి బయటికి చూశాడు. "మీరు దేని మీద వచ్చారు?"

గేటు దగ్గర పెద్ద బండి నిలబడి ఉంది. ఎండకి ట్యాంకు తళతళలాడుతోంది.

"అది మీరు బస్సు తీసేస్తే కొన్నాను సార్."

"ఎందుకు కొన్నారన్నది సర్వేలో రాయరు. కొన్నారా లేదా అనే రాస్తారు."

మేస్త్రి లేచి బయటికొచ్చాడు. బస్సు లేదని బండి కొంటే, బండి ఉందని బస్సు వెయ్యరు. దీన్ని తెలివి అనేవాళ్లు ఆఫీసుల్లో ఉన్నారు. ఒక జబ్బు మనిషి ప్రాణానికి పూచీ పడాల్సింది ఊరూ, ఆసుపత్రీ, బస్సూ. ఆ పూచీని విడదీసి, చిన్నదా పెద్దదా ఎంచుకోమని ఒక పొట్టి మనిషి చేతిలో పెట్టారు. ఎంచుకున్నది బెడిసికొడితే తప్పు కూడా అతనిదే అన్నారు. బస్సు ఎత్తేసినవాళ్ల పేరు ఆ మలుపులో రాలిన బండి లైటు గాజు పెంకుల మీద లేదు.

తర్వాతి డయాలసిస్ రోజుకి బావమరిది ఎవరి కాళ్లో పట్టుకుని ఒక సరుకుల వ్యాను మాట్లాడాడు. డ్రైవరు పక్కన ఒక్క మనిషికే చోటుంది. ఆమె మెడకి శుభ్రమైన గుడ్డ చుట్టుకుని ఎక్కింది. ఒళ్లో సంచి పెట్టుకుంది. మందులు, రిపోర్టులు అనుకున్నాడు మేస్త్రి. పెద్ద బండి మీద వ్యాను వెనకే పోయాడు, వెనక సీటు ఖాళీగా.

మిషను అయ్యాక వ్యాను డ్రైవరు హారను కొట్టాడు. తర్వాతిసారి తనకి వేరే రూటని, మాటివ్వలేనని ముందే చెప్పాడు. ఆమె మాత్రం లేవలేదు. వార్డు బయట వరండాలో, గోడ వారగా, సంచి విప్పుతోంది. అందులోంచి దుప్పటి తీసింది. రెండు చీరలు, గిన్నె, దువ్వెన తీసింది. ఆ వరండా పొడుగునా అలాంటి సంచులూ అలాంటి మనుషులూ ఉన్నారు. ఇన్నాళ్లూ వాళ్లని దాటుకుంటూ పోయి కూడా, వాళ్లెవరని మేస్త్రి ఆలోచించలేదు. ఆనాడు తమ మంచం దొరికిన ముసలావిడ దుప్పటి కాస్త జరిపి చోటిచ్చింది.

"ఏంటిది?" అన్నాడు మేస్త్రి.

"నేను ఇక్కడే ఉంటానండీ."

"ఎన్నాళ్లు?"

"మిషను తిప్పినన్నాళ్లు."

"పిచ్చిదానివా? వరండాలో ఉంటావా? దోమలు, చలి... మెడలో గొట్టం పెట్టుకుని..."

"ఇక్కడ దోమలు కుడతాయి. రోడ్డు మీద పడితే ఈసారి మెడ మీద పడతాను. రెంట్లో ఏది పెద్దదో మీరే చెప్పండి." చాలా మెల్లగా అంది. కోపం లేదు. "ఈ అత్త ఎండల ముందు నించీ ఉంటోందిట. వాళ్ల ఊరికీ బస్సు లేదు."

"నేనూ ఉంటాను అయితే."

"ఉండి? దుకాణం ఎవరు తెరుస్తారు? మందులెవరు తెస్తారు? నాకు పని లేకపోతే మీకైనా ఉండాలిగా." దుప్పటి పరుస్తూ, "పైపింగు దారం పై అరలో ఉంది. తెల్లదారం కాదు, మైనం పట్టిందే వాడండి. మీకు రాకపోతే తమ్ముణ్ని తొక్కమనండి, వాడికి తొక్కడం వచ్చు" అంది.

అతను గోడ పక్కనే చతికిలబడ్డాడు. పెద్ద మనిషి అలా ఏడవకూడదని వరండాలో ఎవరూ అనలేదు. అది అక్కడ రోజూ ఉండేదే. ముసలావిడ మొహం తిప్పుకుని తన గిన్నె సర్దుకుంది.

"వెలుగుండగానే వెళ్లండి" అంది ఆమె. "మలుపు దగ్గర నెమ్మది."

బండి దగ్గరికి వచ్చాడు. స్టార్టు చేశాడు. ఊరు దాటి రోడ్డెక్కాక బండి ఎంత బాగా పోయిందంటే, గుంటలు ఎక్కడున్నాయో తెలియలేదు, గాలి వచ్చిందో లేదో తెలియలేదు. జాకెట్ కుర్రాడు చెప్పిందంతా అక్షరాలా నిజం. అంత బాగా పోవడం అతనికి సహించరానిదైంది.

వేగం తగ్గించాడు. చిన్న బండి మీద ఆమె నిద్రపోతున్నప్పుడు ఎంత మెల్లగా పోయేవాడో అంత మెల్లగా, రోడ్డు అంచునే పట్టుకుని పోయాడు. వెనకాల ఒక లారీ హారను మోగించింది. తర్వాత ఇంకొకటి. తప్పుకున్నాడు గాని వేగం పెంచలేదు.